రేపల్లె మేడ మీద గుడ్డి సింహం

బావా,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి మూడేళ్ళయింది. నాకొచ్చిన నాలుగక్షరాలతో రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

తెనాలిలో మా చెల్లి బాగానే ఉంది. నీ తాపీని చూరులో దోపింది. ఎవర్నీ ముట్టనివ్వదు.

ఇప్పుడంతా సిమెంటే బావా. గానుగలో సున్నం రుబ్బించే ఓపిక ఎవడికుంది?

రేపల్లెలో షావుకారు మేడ పిట్టగోడ మీద నువ్వు చేసిన సున్నపు గచ్చు సింహం గుర్తుందా... దాని కళ్ళు తెరవబోయే రోజునే కదా పరంజా విరిగి పడ్డావు. ఆ నెత్తురు నేనే కడిగాను. అప్పట్నుంచీ అది గుడ్డిదే. నేనైనా తెరవచ్చుగా? చెయ్యి రాలేదు.

మొన్న షావుకారు కొడుక్కి అది ఇంటికి అరిష్టమని తోచింది. పగలగొట్టడానికి బాపట్ల నుంచి సిమెంటు మేస్త్రీని దింపాడు. కబురు తెలిసి బయల్దేరుతుంటే చెల్లి చూరులోంచి నీ తాపీ తీసి నా చేతిలో పెట్టింది.

వెళ్ళేసరికి వాడు సమ్మెట ఎత్తుతున్నాడు. ఆగమన్నాను. కళ్ళు కూడా లేని గచ్చు ముద్ద, దీనికేంటి పెద్దాయనా ఏడుపు, అని దాని మొహాన ఉమ్మాడు.

అంతే. మూతి మీద గుద్దాను. వాడి పన్ను విరిగి నా వేలి కణుపులో దిగింది. జుట్టు పట్టి తల గోడకేసి బాదాను. నలుగురు లాగకపోతే చంపేసేవాణ్ణే. "నువ్వు పొడి సున్నానివి బావా, చుక్క నీళ్ళు పడితే చాలు కుతకుతా ఉడుకుతావు" అనేవాడివి. ఉడికాను. సిగ్గేం లేదు.

తర్వాత వాళ్ళు నన్ను తన్నారు. పక్కటెముక ఇంకా కలుక్కుమంటోంది. అదేం లెక్క కాదు. నెత్తురు ఉమ్మి కూర్చున్నాక నీ మాట గుర్తొచ్చింది... "కళ్ళు తెరవందే ముద్దే బావా, బొమ్మ కాదు." ఆ వెధవ అన్నదీ అదేగా! వాణ్ణి కొట్టాను, ఆ మాటనెలా కొట్టను?

ఇల్లు వాళ్ళది. సింహం ఎలాగూ ఆగదు. పొద్దుగూకేలోగా నేనే పడగొడతానన్నాను. షావుకారు కొడుకు సరేనన్నాడు. మేడ మీద నెత్తురు ఇక చాలనుకున్నాడేమో.

దాని మొహం తడిపి, వెన్నలాంటి సున్నం పెట్టి, నీ తాపీ మొనతో కళ్ళు తెరిచాను. బావా... అది నన్ను చూసింది. కోపంగా, అచ్చం నీలాగే.

అప్పుడెత్తాను సమ్మెట. మెడ మీద కొట్టాను. గుండె మీద కొట్టాను. సున్నం కళ్ళలో పడి మండింది. ఏడ్చాననుకున్నారు వాళ్ళు. అనుకోనీ. ఇంకొకడి దెబ్బ దాని మీద పడలేదు. పడింది ముద్ద కాదు, సింహం.

తాపీ కడిగి చెల్లికిచ్చాను. కళ్ళు తెరిచానని మాత్రమే చెప్పాను. మిగతాది నువ్వు దాని కల్లోకొచ్చినా చెప్పకు.

నేనొచ్చాక కొట్టాలనిపిస్తే కొట్టు. పడతాను.

నీ బావ