డ్రమ్ములో మిగిలిన నీళ్లు

జులై 16, బుధవారం

తపేలాను పొయ్యికి తాడుతో కట్టి వండుతున్నాను. బేగంబజార్‌లో ఏరి కొన్న తపేలా. ఓడ అటు ఒరిగితే అన్నం అటు, ఇటు ఒరిగితే గంజి నా కాళ్ల మీద. అసలు ఇది ఓడేనా? సిమెంటు బస్తాలు నింపిన డబ్బా. కాకినాడ దాటినప్పటి నుంచి సముద్రం ఒక్క పూట కుదురుగా లేదు. దీవులు ఎప్పుడొస్తాయని అడిగితే కెప్టెన్ ఆకాశం వైపు చూస్తాడు.

మల్లేశ్‌కు ఇవాళ కూడా కడుపులో ఏమీ నిలవలేదు. ఉప్పుగూడలో బర్రెలు అమ్ముకుని ఖాళీగా ఉన్న బామ్మర్దిని వంటకు తోడని నేనే తెచ్చుకున్నాను. రైలెక్కేటప్పుడు నా భార్య సరిత — "మా తమ్మునికి ఇంక నువ్వే దిక్కు..." మంచి దిక్కే దొరికింది వాడికి!

జులై 17

నిద్ర లేదు. లుంగీతో నడుమును మంచానికి కట్టుకున్నా దొర్లుతూనే ఉన్నాను. భయంగా ఉంది. ఇంకేం రాయను.

జులై 18, శుక్రవారం

మంచినీళ్ల ట్యాంకులోకి సముద్రం నీళ్లు చేరాయి. నాలుక మీద పెడితే ఉప్పు. మంచివి మిగిలినవి వంటగదిలోని రెండు చిన్న డ్రమ్ములే. కెప్టెన్ పిలిచి హిందీలో — మనిషికి రోజుకో సీసా, వాటిని కాసే జిమ్మా నీదే.

మల్లేశ్ తాగుతాడు, కక్కుతాడు. పెదాలు పగిలాయి. నా సీసాలో సగం వాడికే పోశాను.

"మరి నీకు బావా?"

"నా ఫికర్ నీకెందుకు, మింగు."

జులై 19

"రేపు ఐతారం గదా బావా. మన దిక్కు బోనాలు..." రోజంతా మల్లేశ్ నోట ఇదొక్కటే మాట.

జులై 20, ఆదివారం

లేచేసరికి ఒక డ్రమ్ముకు మూత లేదు. ఓడ ఊపుకు నీళ్లన్నీ నేలపాలు. అడుగున చెంబెడు.

పరుగెత్తాను. డెక్కు మీద మల్లేశ్, కమ్మీ పట్టుకుని. చేతిలో ఖాళీ బకెట్టు, వేళ్లకు పసుపు — నా మసాలా డబ్బాలోదే.

"సముద్రంల సాక పోసిన బావా. అమ్మోరు సల్లవడాలె."

మూత పెట్టడం మరిచాడు. బోనాల నాడు అమ్మను చల్లబరచడానికి సాకగా పసుపు నీళ్లు మేమందరం పోస్తాం. కానీ అక్కడ నల్లా తిప్పితే మళ్లీ వస్తాయి!

"బుద్ధి గడ్డి తిన్నదారా? తాగే నీళ్లురా అవి!" చెయ్యి లేపాను. వాడు తప్పుకోలేదు.

"మరి అమ్మకు ఉప్పునీళ్లు పోస్తరా బావా?"

లేపిన చెయ్యి దించాను.

తాడు జారి డ్రమ్ము ఒరిగిందని కెప్టెన్‌తో అన్నాను. ఆయన మల్లేశ్ వేళ్ల వైపు చూశాడు. ఇక మనిషికి సగం సీసానే.

సాయంత్రం అలలు కాస్త తగ్గాయి. మల్లేశ్ రెండు ముద్దలు తిన్నాడు, నిలిచాయి. చూశావా అన్నట్టు మొహం! తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు.

జులై 21

సముద్రం మళ్లీ లేచింది. మొన్నటికంటే ఎక్కువ. వాడు తిన్నది కూడా పోయింది.

జులై 22

మల్లేశ్ ఒళ్లు కాలిపోతోంది. పొద్దున్నుంచి మూత్రం లేదు. పెదాలకు తడిగుడ్డ అద్దుతున్నాను. ఓడలో అందరూ తమ నీళ్లలో ఒక గుక్క తెచ్చి ఇస్తున్నారు. ఒక్కరూ తిట్టరు. తిట్టినా బాగుండు.

జులై 23, బుధవారం

దీవి కనిపిస్తోంది. చెట్లు కూడా. సముద్రం తగ్గేదాకా రేవులోకి రావద్దట. డాక్టరును పంపమని కెప్టెన్ రేడియోలో అరుస్తున్నాడు. జవాబు — ఈ అలల్లో పడవ రాదు, ఆగండి.

మధ్యాహ్నం ఫోనుకు సిగ్నల్ వచ్చింది. వెంటనే సరిత.

"యాడున్నరు? ఎన్నిసార్లు జేసిన! తమ్మునికియ్యి ఫోను."

వాడి చెవి దగ్గర పెట్టాను. "ఏందిరా, నువ్వు లేక బోనాలు బోనాల లెక్కనే లేకుండె..." చెబుతూనే ఉంది. వాడి కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పెదాలు కదలలేదు.

"మాట్లాడవేందిరా? ఏమయ్యా, ఇంటుండా వాడు?"

"ఇంటుండు," అన్నాను. "జెప్పు. ఆపకు."