కాయం బిస్కెట్లు

ముత్తుకూరు

అవ్వా,

ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. దేవుని దయవల్ల పాపకు ఇప్పుడు పాలు చాలుతున్నాయి, నువ్వు దిగులు పడొద్దు.

తప్పు నాదే. బాలింతకు పాలు పడాలని నువ్వు దంచి పంపిన కాయం ఉండలు చేదుకి మింగలేక పాప గుడ్డల అడుగున దాచాను. పది రోజుల కిందట గుడ్డలు మడతపెడుతుంటే పదకొండు ఉండలు మా అత్త చేతికి దొరికాయి. చీవాట్లు తప్పవనుకున్నాను. "ఏందిమే, మింగలేకుండానని నాకొక మాట చెప్పకూడదా?" అని, వాటిని చిదిపి, రాగిపిండి, నువ్వులు, బెల్లం, నెయ్యి కలిపి, క్రిస్మస్ కేకు చేసే కుక్కర్లోనే ఇసుక పోసి బిస్కెట్లు కాల్చింది. మొదటి వాయి మాడింది. రెండో వాయి నేనొక్కదాన్నే ఖాళీ చేశాను. వారం తిరిగేసరికి పాప ఏడుపు తగ్గింది.

ఇంకో డబ్బా కాయం పంపు. ఉండలు కట్టొద్దు, పొడిగానే పంపు. అందులో వెల్లుల్లి తగ్గిస్తే అత్త ఊరుకోదు. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా? మేక ఈనిందా? పాల కోసం చర్చిలో చేయిస్తున్న ప్రార్థన ఇక చాలు, ఈ ఆదివారం స్తోత్రం చెప్పించు.

కార్డు చివరిదాకా రాసినా పాప లేవలేదు. దాని కడుపు నిండిందనడానికి ఇదే నా సాక్ష్యం.

నీ మనవరాలు
అబిగయీలు