పస్తు ప్లేట్లు

30 జూలై 2011, ఆడి అమావాస్య

నాన్న మాట విని ఈ రోజే ప్రయోగం మొదలుపెట్టాను. ఆంధ్రాలో అమావాస్య అంటే జడుస్తారు, మాకిక్కడ తమిళనాడులో మంచి రోజు. మా ఊరు గుడియాత్తంలో కొత్త మగ్గానికి నూలు ఎక్కించినా అమావాస్యే.

సెల్‌కు అంటే జీవకణానికి సీరం అనే తిండి ఉంటేనే రైబోజోమ్ ఆర్ఎన్ఏ జీన్ పని మొదలవుతుంది. పోల్-వన్ అనే ఎంజైమ్‌ను ఆర్ఆర్ఎన్-త్రీ అనే ప్రోటీన్ చెయ్యి పట్టుకుని జీన్ దగ్గరికి తేవాలి. పస్తు పెడితే తేదు. అప్పుడు జెల్ మీద ఆ పనికి గుర్తుగా కనిపించే నా బ్యాండ్ మాయమవ్వాలి. అది చూపిస్తేనే పీహెచ్‌డీ.

మా ల్యాబ్‌లో సెల్స్ చూసుకునే గోవిందమ్మ, ఇవి ఎవురివమ్మా అని అడిగింది. అరవై ఏళ్ల కింద అమెరికాలో చనిపోయిన ఒకామెవి, ఇంకా పెరుగుతున్నాయి అన్నాను. అయ్యో, బిడ్డలుండారా ఆమెకి అంది. పస్తు పెట్టిన సెల్స్ ప్లేట్లు ఆమెకు అప్పగించి, ఇంట్లో పెద్దలకు పెట్టే భోజనానికి వేలూరులో బస్సెక్కాను.

1 ఆగస్టు

బ్యాండ్ పోలేదు. బలిసి కూర్చుంది. రియేజెంట్ మళ్లీ రావాలంటే రెండు వారాలు. సరే, వచ్చే అమావాస్యకే.

28 ఆగస్టు, అమావాస్య

మళ్లీ మొదలు. మళ్లీ గుడియాత్తం. ఈ కళగం పార్టీ పోయి ఆ కళగం పార్టీ వచ్చినా కరెంటు మాత్రం రాలేదని నాన్న తింటున్నంతసేపూ తిట్టాడు.

30 ఆగస్టు

అదే బ్యాండ్. ఛీ.

12 సెప్టెంబర్

మీడియం మార్చాను. ప్రైమర్లు మార్చాను. కరెంటు కోతను కూడా అనుమానించాను. గైడ్ గుణశేఖరం సార్ అక్టోబర్ దాకా చూస్తారట, తర్వాత ఈ టాపిక్ వదిలెయ్యమన్నారు. నాలుగేళ్లు బూడిదలో పోసిన పన్నీరు. మహాళయ అమావాస్యకు మించిన రోజు లేదమ్మా అని నాన్న ఫోను. ఒంటికాలి మీద నిలబడమన్నా నిలబడతాను.

27 సెప్టెంబర్, మహాళయ అమావాస్య

బస్సు తప్పిపోయి ల్యాబ్‌కు తిరిగొచ్చాను. సెల్స్ ప్లేట్లు తెరిచే గాజు హుడ్ ముందు గోవిందమ్మ. నా పస్తు ప్లేట్లలో సీరం పోస్తోంది! పెదాలు కదులుతున్నాయి.

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె బెదరలేదు. పెద్దల అమావాస్య పూట చచ్చినామెకి కడుపు మాడిస్తే మనకేం మంచి జరుగుతాది, ఆమె బిడ్డలు యాడనో ఉండారు, ఎవురు పెడతారు, అందుకే ప్రతి అమావాస్యకీ నేనే పెట్టినాను అంది. మీ ఇంట్లో పెద్దోళ్లకి పెట్టినాకనే గదా నువ్వు తినేది అని కూడా అంది.

సార్‌తో చెప్తానన్నాను. చెప్పుకో పో అంది. కోపానికి అన్నం సయించలేదు. రియేజెంట్ ఇంకా వాడలేదు, అదొక్కటే అదృష్టం.

15 అక్టోబర్

నాన్నకు చెప్పకుండా మొన్న ఉత్త గురువారం నాడు మొదలుపెట్టాను. ప్లేట్లకు నేనే కాపలా. బ్యాండ్ పోయింది! సీరం పోశాక మళ్లీ వచ్చింది. ఇంకోసారి చేసి చూపిస్తే థీసిస్ రాసుకోవచ్చు అన్నారు సార్.

గోవిందమ్మ సంగతి ఆయనకు చెప్పలేదు. ఏమని చెప్పను? ఆమె నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడను.

26 అక్టోబర్, దీపావళి అమావాస్య

రెండోసారి ప్లేట్లు పస్తున్నాయి. బస్సుకు ముందు ప్రయోగంలో లేని ఒక ప్లేటు విడిగా పెట్టి, ఆ అమెరికా ఆమెకని సీరం పోశాను. గోవిందమ్మ వచ్చి చూసింది. ఇంకొంచెం పొయ్యమ్మా అంది.

పోశాను.