పావుగంటకో తాళంచెవి

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య దీవెనలు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటి అంటావేమో, మా గోడలు పలచన. పై వాటా ఆయన డాబా మీద గిన్నెలాంటిది ఒకటి బిగించాడు. ఏమిటండీ ఇది అంటే, “ఊరికే, సరదాకి” అన్నాడు. సరదాకి ఎవరైనా ఇంటి మీద గిన్నె పెట్టుకుంటారా?

అసలు సంగతి. వారపత్రికకి పదకొండేళ్లుగా గళ్ల నుడికట్టు కడుతున్నాను, మొన్నటిదాకా ఒక్క వారం తప్పలేదు. ఇప్పుడు ఆ గళ్లన్నీ వాళ్ల వెబ్‌సైట్లోనే కూర్చుని నింపాలట. నాకు గంట పడుతుంది. పోయినసారి నువ్వు తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చిన ఆ బొటనవేలంత వైఫై అడాప్టర్ సరిగ్గా పావుగంట పనిచేస్తుంది. ఆ తర్వాత సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, అక్షరం మాత్రం కదలదు. నింపిన గళ్లు మాయం. రెండు వారాలు పాత నుడికట్లు వేసి సర్దిన సంపాదకురాలు, “మేడం, ఈ నెల ఆఖరి మంగళవారానికి కొత్తది రాకపోతే మీ పేజీని బరువు తగ్గే చిట్కాలకి ఇచ్చేస్తాను” అంది.

ఎవరో నా జవాబులు చదివి మరీ తుడిచేస్తున్నారు.

ఇట్లు,
కళ్లు తెరుచుకునే ఉన్న మీ అత్తయ్య

తా.క.: కవరు అతుకు మీద అడ్డంగా సంతకం చేశాను. చెదిరి ఉంటే చెప్పు, పోస్టుమాన్ సంగతి నేను చూసుకుంటాను.

*

పూజ్యురాలైన అత్తయ్యకు,

మేనల్లుడు చేతులు కట్టుకుని రాయునది. సంతకం చెదరలేదు. పోస్టుమాన్ నిర్దోషి. పై వాటా ఆయన కూడా నిర్దోషే, ఆ గిన్నె టీవీది.

దోషి అడాప్టర్. గాలిలో పోయే మాటల్ని ఎవరూ చదవకుండా మీ రౌటర్ వాటికి తాళం వేస్తుంది. భద్రత కోసం పావుగంటకోసారి ఆ తాళం మార్చి కొత్త చెవి ఇస్తుంది. తాళం వేసే పనీ తీసే పనీ అడాప్టర్ తన చిప్‌లోనే చేసుకుంటుంది. హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ అంటే అంతే. దాన్ని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాం, చెవి మారిన ప్రతిసారీ తికమక పడుతోంది. మందు చిన్నదే. ఇందులో పెట్టిన చీటీలోని వరుసను సెట్టింగుల ఫైల్లో రాసెయ్. హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్ ఆగిపోతుంది, నీకు పీడ విరగడవుతుంది.

చిత్తగించవలెను,
నీ మేనల్లుడు

తా.క.: డ్రైవర్ ఫైళ్లు మాత్రం తెరవకు. లోపల బాగా దుమ్ము.

*

చిరంజీవి అని రాయడానికి కొంచెం ఆలోచించాల్సి వస్తున్న మేనల్లుడికి,

పావుగంటకోసారి నా ఇంట్లో తాళాలు మారుతున్నాయని ఇంతకాలం నాకెవరూ చెప్పలేదు. నీకెలా తెలిసింది? తెలిసినవాడివి, తాళమే ఆపేయమంటావా? దొంగలు కూడా ఇంత మర్యాదగా అడగరు. మా తమ్ముడికి, అంటే మీ నాన్నకి, ఫోన్ చేసి “మీవాడు మా ఇంటి తాళాలు తీసి పెట్టమంటున్నాడు, బాగానే ఉన్నాడా?” అని కనుక్కున్నాను. నీతో మాట్లాడతానన్నాడు.

డ్రైవర్ తెరవొద్దని ఎందుకన్నావు? దుమ్మంటే భయపడేదాన్ని కాను, పత్రిక ప్రూఫులు దిద్దినదాన్ని. అసలా డ్రైవర్ రాసిందెవరు? పేరూ చిరునామా పంపు. మర్యాదగానే రాస్తాను, మొదటి పేరా వరకు.

ఇట్లు,
మీ నాన్నకి అక్క

తా.క.: నీ చీటీలో ‘వద్దు’ అన్నదానికి ఎదురుగా 1 అని ఉంది. వద్దన్నట్టా, కావాలన్నట్టా? ఇలాంటి ఆధారం నేనిస్తే సంపాదకురాలు తిప్పి పంపుతుంది.

*

శంకాపీఠం అధిష్ఠించిన అత్తయ్యకు,

నాన్న ఫోన్ చేశారు. నలభై నిమిషాలు. “ఒరేయ్, నిజం చెప్పు, ఎవరితో తిరుగుతున్నావురా?” అన్నారు. వైఫైతో అన్నాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఏం చేస్తారని అడిగారు.

తాళం ఎక్కడికీ పోదు అత్తయ్యా. చిప్ వేసే తాళాన్ని కంప్యూటరే స్వయంగా వేస్తుంది, అంతే తేడా. తాళం అదే, వేసే చెయ్యి మారుతుంది. 1 అంటే అవును, వద్దు.

రాసినవాడెవడో మనకెందుకు చెప్పు. ఎవడో కుర్రాడు అయ్యుంటాడు. మొదటి ఉద్యోగం అయ్యుంటుంది. పైవాళ్లు తొందరపెట్టి ఉంటారు. మనసు మాత్రం చాలా మంచిదై ఉంటుంది.

నీ విధేయుడు,
నిర్దోషుల జాబితాలో చోటు కోరుకుంటున్న మేనల్లుడు

తా.క.: మంగళవారం దగ్గరకొస్తోంది. చీటీ పెట్టేసెయ్. నీ పేజీలో బరువు తగ్గే చిట్కాలు చదివే ఖర్మ నాకు పట్టించకు.

*

మేనల్లుడికి,

నీ చీటీ పెట్టలేదు. డ్రైవర్ తెరిచాను.

ముక్కూ మొహం తెలియని కుర్రాడి మనసు మంచిదని అంత గట్టిగా చెప్పేవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆ అడాప్టర్ చేసిన కంపెనీ డ్రైవర్ రాతంతా అందరూ చూసుకోవచ్చని వెబ్‌సైట్లో పెట్టిందట. పై వాటా ఆయన చెప్పాడు. ఆయనది కంప్యూటర్ పనే. అనుమానించడానికి నువ్వు దొరికావు కాబట్టి ఆయన్ని వదిలేశాను. తొంభై నాలుగు పేజీలు అచ్చు తీసిచ్చి, “ఇది చదవడానికి నాకే వారం పడుతుందండీ” అన్నాడు. “మిమ్మల్ని చదవమన్లేదు, అర్థం కాని మాట అడిగితే చెప్పండి” అని ఎర్ర పెన్ను తీశాను.

అరవై ఒకటో పేజీలో దొరికింది. డ్రైవర్ కొత్త తాళంచెవిని గూట్లో పెడుతుంది. ఆ వెంటనే పాతది తీసేస్తున్నాననుకుని అదే గూడు ఖాళీ చేస్తుంది. ముందు తీసి, తర్వాత కదా పెట్టాలి. రెండు వరుసలు అటూ ఇటూ అయ్యాయి. పై వాటా ఆయన వాటిని మార్చి, ప్రోగ్రాం మళ్లీ తయారుచేసి ఎక్కించాడు. సోమవారం నుంచి ఒక్కసారీ ఆగలేదు. నిన్న, మంగళవారం, మధ్యాహ్నం మూడింటికల్లా గళ్లు పంపేశాను. “పేజీ మీదేనండీ” అంది సంపాదకురాలు.

ఇంకొకటి. ఆ రెండు వరుసల మధ్య, రాసినవాడు గుర్తు కోసం మన భాషలోనే ఒక ముక్క రాసుకున్నాడు: “వీటి వరుస సరిగ్గా ఉందో లేదో తర్వాత చూడాలి. భోజనం చల్లారిపోతోందని అత్తయ్య మూడోసారి పిలుస్తోంది.”

మొదటి ఉద్యోగంలో ఆరు నెలలు మా ఇంట్లోనే ఉన్నావు కదూ.

సరే, సగం తప్పు నాది. ఇంకో ఐదు నిమిషాలాగి పిలవాల్సింది.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: ఈ వారం ఏడు నిలువు: తప్పు తాను చేసి అడాప్టర్ మీదకి తోసేవాడు, నాలుగు అక్షరాలు. అచ్చుకి వెళ్లిపోయింది. మీ నాన్నకి మాత్రం జవాబు ముందే చెప్పేశాను.