పావు మిల్లీమీటరు

తేదీ: మార్చి 11, మంగళవారం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ వదినకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం మామూలే. నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. ఇక అసలు సంగతిలోకి దిగాలి. దిగలేక ఇప్పటికే మూడు కాగితాలు చించాను. ఫోనులో అయితే నువ్వు ఫరవాలేదు అన్నయ్యా అనేస్తావు, నేనూ అక్కడితో ఊరుకుంటాను. అందుకే ఉత్తరం.

నువ్వు పళ్ళు సరిచేయించుకుంటున్నావని నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. మా ల్యాబుకి డాక్టర్లు పంపే నోటి అచ్చుల మీద పేర్లుండవు. రెండు నెలల కిందట వచ్చిన ఒక అచ్చులో ప్లాస్టరు పోసి, ఆరాక విడదీసి చూశాను. ఎడమ కోరపన్ను పక్కపన్ను మీదికెక్కి కూర్చుంది. కింది వరసలో నాలుగు పళ్ళు బస్సులో జనంలా తోసుకుంటున్నాయి. చీటీ మీద స్త్రీ, వయసు నలభై ఒకటి అని ఉంది. ఆ నోరు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఇరవై ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్న అన్నకు ఒక్క మాటైనా చెప్పలేదే అని ముందు కోపమొచ్చింది. ఎందుకు చెప్పలేదో గుర్తొచ్చాక ఆ కోపం దిగిపోయింది.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు స్టూడియోలో ఇంటిల్లిపాదీ ఫోటో దిగాం. నువ్వు పళ్ళన్నీ కనిపించేలా నవ్వావు. "నోరు మూసుకోవే, కెమెరా పగులుతుంది," అన్నాను. ఫోటో తీసేవాడితో సహా అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏ ఫోటోలోనూ నీ పళ్ళు చూడలేదు. నువ్వు పనిచేసే కళ్ళద్దాల షాపు కౌంటరులో కూడా నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

కౌంటరులో కనిపించకూడదు, తీగలు వద్దు, పారదర్శకంగా ఉండే ట్రేలు కావాలందని డాక్టరుగారు చీటీలో రాశారు. అవి చేసేది నేనే. ప్లాస్టరు పళ్ళను సన్నరంపంతో కోసి, మైనంలో కొద్దికొద్దిగా జరిపి, ఆ నమూనా మీద వేడి ప్లాస్టిక్ రేకు లాగుతాం. ఒక్కో ట్రేకి పన్నును పావు మిల్లీమీటరుకు మించి జరపకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పే సూత్రమిది. నీ కోరపన్ను దగ్గర మాత్రం అంతకు మూడింతలు జరిపాను. నావల్ల ముప్ఫై రెండేళ్ళు పోయాయి, ఇంకో రెండేళ్ళు ఎందుకు, తొందరగా చక్కబడితే నా మనసు తేలికపడుతుందనుకున్నాను. అప్పుడది నీ మీద ప్రేమ అనుకున్నాను గాని, ఆ తొందర నాకోసమే.

మొదటి ట్రేతో తిండి నమలలేకపోయావట. రెండోది అసలు ఎక్కనే లేదట. పోయిన శనివారం డాక్టరుగారు మా యజమానికి ఫోన్ చేస్తే ఆయన స్పీకరులో పెట్టాడు. అది తొడగబోతే నువ్వు ఏడ్చావని, "నా నోరే అంత, వదిలేయండి," అన్నావని ఆవిడ చెప్పారు. మా సీనియర్ చేసిన పనండీ, తేడా రాదు అన్నాడు యజమాని, నా వైపు చూస్తూ. నేను తేలు కుట్టిన దొంగలా మైనం గీక్కుంటూ కూర్చున్నాను.

నీ నోటిలో ఏ తప్పూ లేదమ్మా. తప్పు నా చేతిది. నలభై ఒకటి ఆలస్యమేమీ కాదు. ఎముక కాస్త మొండికేస్తుంది, కాలం ఎక్కువ పడుతుంది, అంతే. అరవై దాటినవాళ్ళ అచ్చులు కూడా మాకొస్తాయి. ట్రేలు మళ్ళీ కొత్తగా చేయించుకోవచ్చు. వాటి మీద నమ్మకం పోతే పంటి రంగు బిళ్ళలతో తీగ కట్టించుకోవచ్చు. ఏది మంచిదో డాక్టరుగారితో కూర్చుని మాట్లాడుకో. మానెయ్యకు మాత్రం.

నిన్న ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోప్పడలేదు. వచ్చే గురువారం నువ్వొస్తే కొత్తగా అచ్చు తీస్తానన్నారు. ఈసారి నీ పని ల్యాబులో ఇంకొకరికి ఇమ్మని చెప్తాను.

బావగారిని అడిగానని చెప్పు.

సిగ్గుతో,
నీ అన్నయ్య

తా.క.: నిన్న వెళ్ళిన మాట నిజం. ఆవిడ గది బయట బెంచీ మీద గంటసేపు కూర్చుని, నా వంతు రాగానే లేచి వచ్చేశాను. మిగతాదంతా నేను అల్లిందే. తప్పు నీ నోటిదేనని ఆవిడ ఇప్పటికీ అనుకుంటున్నారు. రేపు మళ్ళీ వెళ్దామనే ఉంది గాని, నా ధైర్యం సంగతి చూశావుగా. నన్ను నమ్ముకోకు. నువ్వే వెళ్ళి ఈ ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టు.