ఊరి పేరు మాత్రమే చెప్పాను

మంగళవారం, మిర్యాలగూడ

కాలేజీ అమ్మాయిల కబడ్డీ కోచ్‌ను వేధింపుల కేసులో పోలీసులు పట్టుకెళ్లాక, చాయ్ హోటల్లో వాడిని తిట్టేవాళ్లకంటే కేసు పెట్టిన పిల్ల ఎవరని అడిగేవాళ్లే ఎక్కువ.

"తాతా, నీకు తెల్వని ముచ్చట ఉంటదా? జర చెప్పు" అన్నారు ఇవాళ.

నలుగురు చుట్టూ చేరితే నేను ఆగే మనిషినా? నా కాలపు కబడ్డీ, విరిగిన నా మోకాలు, దాన్ని ఇంకా వంకర చేసిన కట్టు వైద్యుడు, అన్నీ చెప్పుకొచ్చి, చివరికి "నేరేడుచర్ల పిల్ల" అన్నాను. ఆ ఊరి నుంచి టీంలో ఉన్నది ఒక్కతే.

సాయంత్రం ఆమె తాత, నా దోస్తు సత్తయ్య వచ్చాడు.

"నీకొక్కనికే చెప్పిన. ఎట్ల తెల్సిందో, బజారంత అదే ముచ్చట. పిల్ల ఇగ కేసు వద్దంటున్నది. నీ మాటైతే అందరు ఇంటరు, జర వాళ్ల నోర్లు మూయించురా."

సరేనన్నాను. నోరు జారిందెవరో వాడు నన్ను అడగలేదు. నేనూ...