నిలువు పుల్లలు, అడ్డం పుల్లలు

నాచారం

చెల్లె సత్తెమ్మకు అన్న నర్సయ్య దీవెనలు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? బావ పొగాకు మానినాడా, మానినానని చెబుతున్నాడా? అసలీ ఉత్తరం రాయొద్దనే అనుకున్నాను. ఫోన్లో చెబితే సగంలోనే నవ్వుతావని రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను, ఫికర్ చేయకు. హోటల్ పప్పులో పప్పును వెతుక్కోవాలి, అంతే. ఇంటర్నెట్ ఆఫీసు డాబా మీద ఆంటెన్నా చూసుకుంటున్నాను. ఇక్కడి నుంచి ఉప్పల్‌కు సిగ్నల్ పోతుంది. డాబా తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. అది ఉన్నంతవరకే నేను పనివాణ్ణి, లేకపోతే ఉత్త ముసలోణ్ణి.

పక్క డాబా మీద ఇంకో కంపెనీ ఆంటెన్నా ఉంది. దాన్ని చూసుకునే మల్లేశు మాటిమాటికీ మా వైపు చూస్తాడు. ఇద్దరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ అని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఒకే బావిలో రెండు చేదలు వేస్తే తాళ్ళు చిక్కుపడవా?

నేను జ్వరంతో పడుకున్న రోజు మా ఇంజనీరమ్మ కొత్త ఆంటెన్నా బిగించి పోయింది. మర్నాడు చూస్తే దాని పుల్లలు నిలువుగా ఉన్నాయి. ఊళ్ళో ఇంటింటికీ టీవీ ఆంటెన్నాలు కట్టిన చేతులివి. నీ అత్తగారింట్లో చిక్కుడు పందిరి గుంజకు కట్టింది కూడా నేనే, బొమ్మకంటే ముందు చిక్కుడుకాయలు వచ్చినాయి. ఎక్కడ కట్టినా పుల్లలు అడ్డమే. ఇది మల్లేశు పనే అనుకొని, అడ్డంగా తిప్పి బిగించినాను.

గంటలో ఉప్పల్ నుంచి ఫోన్లు, నెట్ లేదని. పిట్టగోడ మీదికి వంగి అడిగినాను.

"మా పుల్లలు తిప్పింది నువ్వే గదరా మల్లేశూ?"

"నాకేం పని తాతా? పొద్దుగాల్సంది మా సిగ్నల్ గూడ వచ్చుకుంట పోవుకుంట కొట్టుకుంటున్నది. నిన్నే అడుగుదామనుకున్న."

తప్పు చేసినవాడికే జవాబు తయారుగా ఉంటుంది. సాయంత్రం దాకా నీళ్ళ ట్యాంకు చాటున వాణ్ణి కాపలా కాసినాను.

అప్పుడు ఇంజనీరమ్మ వచ్చింది. బట్టలారేసే తాడు ఒక కొస నాకిచ్చి, తాను పైకీ కిందికీ ఊపింది, తర్వాత పక్కలకు ఊపింది.

"సూడు తాతా. మన సిగ్నల్ గిట్ల నిలువుగ ఊగుతది, వాళ్ళది గట్ల అడ్డంగ. అందుకే ఒక్క ఫ్రీక్వెన్సీ ఇద్దరికీ సరిపోతున్నది. ఉప్పల్‌ల మనది నిలువుగనే ఉన్నది. మరి ఈడ అడ్డం దిప్పిందెవరు?"

గోడ అవతల మల్లేశు, నా వెనక ఆమెతో వచ్చిన మా ఆఫీసు ఓనరు. మల్లేశు పేరు నాలుక చివరిదాకా వచ్చింది, చెల్లె.

"నేనే" అన్నాను.

పుల్లలు నిలువుగా తిప్పగానే రెండు డాబాలకూ సిగ్నల్ వచ్చింది. అయినా మల్లేశు నవ్విన తీరు నాకు నచ్చలేదు.

మేనత్తకు నా దండాలు చెప్పి, నా పేరున ఒక దీవెన అడుగు. ఎవరైనా ఇటు వస్తే చింతతొక్కు పంపు. మూత గుడ్డతో కట్టు, దారిలో ఎవరినీ నమ్మలేం.

ఆ సాయంత్రం నేను ఇంటికి పోయేముందు ఓనరు డాబా తాళంచెవి అడిగినాడు. మొలతాడు ముడి విప్పి ఇచ్చినాను.

నీ అన్న
నర్సయ్య